నీలం డైరెక్ట్ డై వేయడం ఎలా: ఉప్పు దగ్గర తొందర వద్దు

తెల్ల బట్టను ఇంట్లోనే నీలంగా మార్చుకోవాలంటే డైరెక్ట్ డై అంత తేలికైనది ఇంకోటి లేదు. వేడినీళ్లు, రంగుపొడి, ఉప్పు, కొన్ని గంటల ఓపిక ఉంటే సరిపోతుంది. తేలికే కదా అని నేను మొదటిసారి ఒక కాటన్ చొక్కా తీసుకుని, మరుగుతున్న నీళ్లలో పొడీ ఉప్పూ ఒకేసారి కుమ్మరించి చొక్కాను అందులో పడేశాను. ఐదు నిమిషాల్లో ముదురు నీలం ఎక్కేసింది. మహా సంబరపడ్డాను. తీసి ఆరేశాక చూస్తే మడతలు పడినచోట తెల్లటి చారలు, వీపు మీద ఇంకు చిమ్మినట్టు చుక్కలు, ఒక చెయ్యి ముదురు, ఒక చెయ్యి లేత. రంగు ఎక్కించడం ఎవరైనా చేస్తారు, సమంగా ఎక్కించడంలోనే పనంతా ఉందని ఆ చొక్కాతో తెలిసొచ్చింది.

ముందు ఒక మాట తేల్చుకుందాం. నీలిమందు అని మనం రెండు వేర్వేరు వస్తువులను పిలుస్తాం. ఒకటి నీలిమొక్క నుంచి వచ్చే ఇండిగో, రెండోది తెల్లబట్టలు ఉతికాక నీళ్లలో కలిపేది. ఈ డైరెక్ట్ నీలం ఆ రెండూ కాదు. ఇండిగో నీళ్లలో కరగదు, దాన్ని వేరే మందులతో కరిగే రూపంలోకి మార్చి బట్టకు పట్టించి మళ్లీ గాలి తగలనివ్వాలి. డైరెక్ట్ డై నేరుగా వేడినీళ్లలో కరిగి నేరుగా నూలుకు పట్టేస్తుంది. పేరులో ఉన్న ‘డైరెక్ట్’ అదే. అంతకుముందు కాటన్‌కు రంగు నిలవాలంటే చాలా రంగులకు పటిక లాంటిది ముందు పట్టించాల్సి వచ్చేది. 1880ల్లో జర్మనీలో పాల్ బాటిగర్ అనే రసాయనవేత్త తయారుచేసిన కాంగో రెడ్‌తో ఆ అవసరం తప్పింది. ఆ ఎరుపు పులుపు తగిలితే నీలంగా మారిపోతుంది కూడా, కానీ మనకు కావలసిన నీలం అది కాదు లెండి.

పొడి కొనేటప్పుడు పెట్టె మీద అందమైన పేరు కాకుండా నంబరు చూడండి. డైరెక్ట్ బ్లూ 86, డైరెక్ట్ బ్లూ 199 రెండూ రాగి కలిసిన థాలోసయనిన్ రంగులు, పచ్చదనం తొంగిచూసే కాంతివంతమైన నీలం ఇస్తాయి. ఎండకు బాగానే ఓర్చుకుంటాయి. డైరెక్ట్ బ్లూ 71 కాస్త ఎరుపు వైపు మొగ్గే ముదురు నీలం. డైరెక్ట్ బ్లూ 6 మాత్రం బెంజిడిన్ నుంచి తయారయ్యేది, బెంజిడిన్ క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన పదార్థం. 1, 14, 15 నంబర్లు కూడా బెంజిడిన్‌కు దగ్గరి చుట్టాలతో చేసేవే. ఈ నాలుగు నంబర్లలో ఏది కనిపించినా వదిలేయండి. అసలు ఏ నంబరూ లేని విడిపొడిని నేనైతే ఇంట్లోకి రానివ్వను.

బట్ట దేనితో నేసిందో తెలుసుకోండి

ఈ రంగు మొదట సెల్యులోజ్ కోసం పుట్టింది. అంటే కాటన్, నార బట్ట అయిన లినెన్, జనపనార, విస్కోస్ రేయాన్. పట్టు, ఉన్ని కూడా తీసుకుంటాయి, నైలాన్ కొంతవరకు తీసుకుంటుంది. పాలియెస్టర్, అక్రిలిక్ తీసుకోవు. ఎంతసేపు ఉడికించినా రంగునీళ్లు వాటి మీద మరకలా నిలిచి, జాడించగానే పోతాయి.

లేబుల్ లేకపోతే బట్ట లోపలి అంచు నుంచి రెండు దారాలు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింకు మీద కాల్చి చూడండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగిలితే అది కాటన్ జాతి. వెంట్రుక కాలిన కంపు వస్తే పట్టో ఉన్నో. కరిగి గట్టి పూసలా ముద్దకడితే పాలియెస్టర్ లాంటిది. కొంత బూడిద, కొంత పూస మిగిలితే కలనేత బట్ట. కలనేతకు కాటన్ పోగులే నీలం పడతాయి, పాలియెస్టర్ పోగులు తెల్లగానే ఉండి మొత్తం మీద మసక నీలం వస్తుంది. సగం సగం ఉన్న బట్ట నుంచి ముదురు నీలం ఆశించకండి.

ఇంకో చిన్న విషయం, చాలామంది చివర్లో చూసి నొచ్చుకునేది. బట్ట మొత్తం కాటనే అయినా కుట్టిన దారం ఎక్కువగా పాలియెస్టర్ ఉంటుంది. చొక్కా నీలమయ్యాక కుట్లు తెల్లగా మెరుస్తాయి. కొందరికి అదే అందం. మీకు నచ్చకపోతే కుట్టని బట్టకే రంగు వేసి తర్వాత కుట్టించుకోండి.

బట్టకు ముందే రంగు ఉంటే లెక్క మారుతుంది. పసుపు బట్ట మీద నీలం వేస్తే ఆకుపచ్చ, గులాబీ మీద వేస్తే ఊదా. ఈ రంగు పాతదాన్ని కప్పదు, దానితో కలుస్తుంది.

తూకం, కొలత

పొడిబట్టను తూచండి. లెక్క మొత్తం ఆ బరువు మీదే నడుస్తుంది. లేత ఆకాశనీలానికి బట్ట బరువులో అర శాతం పొడి, మధ్యరకం నీలానికి ఒకటి నుంచి రెండు శాతం, ముదురుకు మూడు నాలుగు. అంతకు మించి వేస్తే బట్ట తీసుకోదు, మిగిలింది జాడించేటప్పుడు కాలవలోకే పోతుంది.

250 గ్రాముల కాటన్ చొక్కా అనుకుందాం. రెండు శాతం చొప్పున 5 గ్రాముల పొడి. నీళ్లు బట్ట బరువుకు ముప్పై రెట్లు, అంటే ఏడున్నర లీటర్లు. కర్మాగారాల్లో ఇంతకంటే చాలా తక్కువ నీళ్లతో చేస్తారు. మనం చేత్తో తిప్పేవాళ్లం కాబట్టి బట్ట లోపల స్వేచ్ఛగా తేలాలి. ఉప్పు లీటరుకు 10 గ్రాముల లెక్కన 75 గ్రాములు. ముదురుకు లీటరుకు 20 గ్రాముల దాకా వెళ్లొచ్చు, లేత రంగుకు 5 చాలు. మామూలు వంట ఉప్పు పనికొస్తుంది, అయోడిన్ ఉన్నా ఫర్వాలేదు. గ్లాబర్ ఉప్పు అంటే సోడియం సల్ఫేట్ దొరికితే అదీ వాడొచ్చు.

నీళ్లు బోరు నీళ్లలా సబ్బు నురగ రానివైతే కొంచెం జాగ్రత్త. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం రంగుతో కలిసి ముద్దకట్టి బట్ట మీద మచ్చలుగా దిగుతాయి. వాన నీళ్లో, ఫిల్టరు నీళ్లో వాడండి. అవి లేకపోతే సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ అనే మందు లీటరుకు ఒక గ్రాము వేస్తే సరిపోతుంది.

గిన్నె స్టీలుది కావాలి. అల్యూమినియం వద్దు, తర్వాత మనం వేసే వాషింగ్ సోడా దాన్ని తినేస్తుంది. ఒకసారి రంగుకు వాడిన గిన్నె, గరిటె, కర్ర మళ్లీ వంటింటి మొహం చూడకూడదు. పొడి తూచేటప్పుడు మాస్కు, చేతులకు గ్లవుజులు వేసుకుని ఫ్యాను ఆపేయండి. ఎగిరిన పొడి ఊపిరితిత్తుల్లోకి పోవడం ఒక ప్రమాదం, దూరంగా ఆరేసిన తెల్లబట్ట మీద వాలి మర్నాడు తడి తగిలాక నీలం చుక్కలు పూయడం మరో తలనొప్పి.

ముందు ఉడకబెట్టండి

కొత్త బట్టలో గంజి ఉంటుంది, మైనం లాంటి సహజ జిడ్డు ఉంటుంది. అవి పోకపోతే రంగు అక్కడక్కడ జారిపోతుంది. లీటరు నీళ్లకు 2 గ్రాముల వాషింగ్ సోడా, కొద్దిగా డిటర్జెంటు వేసి కాటన్‌ను అరగంట నుంచి గంట ఉడికించి, శుభ్రంగా జాడించండి. పనయిందో లేదో తెలుసుకోవడానికి బట్ట ఆరాక ఒక నీటిబొట్టు వేయండి. బొట్టు వెంటనే ఇంకిపోతే సరే. ముత్యంలా నిలబడితే మళ్లీ ఉడికించాలి. పట్టుకూ ఉన్నికీ ఈ సోడా స్నానం వద్దు, గోరువెచ్చని నీళ్లలో మెత్తటి సబ్బుతో ఉతికితే చాలు.

బట్టను తడిగానే ఉంచండి. పొడిబట్టను రంగులో ముంచితే మొదట తడిసినచోట రంగు ఎక్కువ పడుతుంది.

పొడి కరిగించడం

చుక్కలన్నీ పుట్టేది ఇక్కడే. 5 గ్రాముల పొడిని చిన్న కప్పులో తీసుకుని, రెండు చెంచాల చల్లనీళ్లు పోసి, ఉండలు లేకుండా దోశపిండి కంటే కాస్త చిక్కగా పేస్టులా కలపండి. తర్వాత మరిగే నీళ్లు ఒక గ్లాసు పోసి రెండు నిమిషాలు తిప్పండి. మొదటే వేడినీళ్లు పోస్తే పైన పొర గట్టిపడి లోపల పొడి అలాగే ఉండిపోతుంది. ఇప్పుడు పాత కాటన్ గుడ్డ గుండా వడకట్టండి. గుడ్డ మీద నీలం రేణువులు మిగిలితే వాటిపై ఇంకొంచెం వేడినీళ్లు పోయండి, అయినా కరగనివి పారేయండి. వడకట్టడం అనవసరం అనిపిస్తుంది. నా చొక్కా వీపు గుర్తుచేసుకోండి.

అసలు అద్దకం

ఏడున్నర లీటర్ల నీళ్లు చెయ్యి పెట్టగలిగే వేడికి, సుమారు 40 డిగ్రీలకు తీసుకురండి. వడకట్టిన రంగు పోసి కలపండి. కాటన్‌కు లీటరుకు అర గ్రాము వాషింగ్ సోడా వేస్తే రంగు కరిగి ఉంటుంది, మెల్లగా పడుతుంది. ఉప్పు ఇంకా వేయకండి. తడిబట్టను పిండి, మడతలు విప్పి, మొత్తం ఒకేసారి మునిగేలా దించండి. పది నిమిషాలు అదే వేడిలో తిప్పుతూ ఉండండి. సుళ్లు తిప్పడం కాదు, కింది భాగం పైకి, లోపలిది బయటికి వచ్చేలా తిరగేయడం.

తర్వాత మంట కొద్దికొద్దిగా పెంచుతూ అరగంటలో మరుగుకు దగ్గరగా, 90 - 95 డిగ్రీలకు చేర్చండి. థర్మామీటరు లేకపోతే అడుగు నుంచి చిన్న బుడగలు వరసగా లేస్తూ, తెర్లడానికి ముందున్న స్థితి చూసుకోండి.

ఇప్పుడు ఉప్పు. ఎందుకు ఆలస్యం చేశామో తెలిస్తే మళ్లీ తొందరపడరు. నీళ్లలో ఉన్న కాటన్ పోగు మీద సన్నని రుణావేశం ఉంటుంది. రంగు అణువుదీ రుణావేశమే. రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పులోని సోడియం మధ్యలో చేరి ఆ నెట్టుడు తగ్గిస్తుంది, దాంతో రంగు పోగు మీదికి ఉరుకుతుంది. మొదటే ఉప్పు ఉంటే ఎదురుగా ఉన్న పోగులే రంగంతా లాక్కుంటాయి, మడతల్లో ఉన్నవాటికి మిగలదు. ఉప్పు లేకుండా తిప్పినంతసేపూ రంగు బట్ట అంతటా నెమ్మదిగా పరుచుకుంటుంది.

75 గ్రాములను మూడు భాగాలు చేయండి. ఒక్కో 25 గ్రాములను విడిగా వేడినీళ్లలో కరిగించి పెట్టుకోండి. మొదటి భాగం పోసే ముందు బట్టను కర్రతో పక్కకు ఎత్తి పట్టండి, లేదా బకెట్‌లోకి తీసేయండి. ఉప్పునీళ్లు పోసి బాగా కలిపాకే బట్టను దించాలి. బట్ట మీద నేరుగా పోస్తే పోసినచోట ముదురు మచ్చ ఖాయం. పది నిమిషాలకు రెండోది, మరో పది నిమిషాలకు మూడోది. అదయ్యాక అదే వేడిలో ఇంకో అరగంట నుంచి ముప్పావు గంట.

ఈ రంగుల్లో మూడు రకాలుంటాయి. కొన్ని తమంతట తామే సమంగా సర్దుకుంటాయి, కొన్నిటికి ఉప్పును అదుపులో పెట్టాలి, కొన్నిటికి ఉప్పునూ వేడినీ రెండిటినీ. పెట్టె మీద ఇది రాసి ఉండటం అరుదు. అందుకే నేను ప్రతి పొడినీ మూడో రకం మొండిదే అనుకుని పని చేస్తాను. పోయేదేముంది, ఇరవై నిమిషాలు.

మధ్యలో బట్ట మూల ఒకటి బయటికి తీసి రంగు చూస్తుంటారు కదా, తడిబట్ట ఎప్పుడూ ముదురుగానే కనిపిస్తుంది. సరిగ్గా తెలియాలంటే అదే బట్ట ముక్కను దారం కట్టి గిన్నెలో వేసి, మధ్యలో తీసి, జాడించి, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి చూడండి. రెండు రంగులు కలిపి వాడుతున్నప్పుడు ఇది తప్పనిసరి. నేవీ కోసం నీలంలో పిసరంత నలుపు కలిపారనుకోండి, రెండూ ఒకే వేగంతో పట్టవు. పదో నిమిషంలో కనిపించిన ఛాయ యాభయ్యో నిమిషానికి ఉండదు.

సమయం అయ్యాక మంట ఆపి, బట్టను అదే నీళ్లలో ఇరవై ముప్పై నిమిషాలు చల్లారనివ్వండి, అప్పుడప్పుడు తిప్పుతూ. వేడిలో రంగు చకచకా తిరుగుతుంది, చల్లారేకొద్దీ పోగు దాన్ని ఎక్కువగా పట్టి ఉంచుకుంటుంది. ఆ అరగంటకు ముదురు కాస్త పెరుగుతుంది కూడా.

జాడించడం, ఫిక్సర్

చల్లనీళ్లలో జాడించండి, నీళ్లు దాదాపు తేటపడేదాకా. వేడినీళ్లు వద్దు, వేడి పోసి ఎక్కించిన రంగును మళ్లీ వేడే దించేస్తుంది. డైరెక్ట్ డైకి ఉన్న పెద్ద లోపం ఇదే. రంగు అణువు పొడవుగా, బల్లపరుపుగా ఉండి సెల్యులోజ్ గొలుసు పక్కన ఒరిగి పడుకుంటుంది తప్ప దానితో గట్టి రసాయన బంధం వేసుకోదు. రియాక్టివ్ డై అలా ముడి వేసుకుంటుంది, అందుకే అది ఉతుకుకు ఆగుతుంది.

వెనిగర్‌లో నానబెడితే రంగు నిలిచిపోతుందని చాలామంది చెబుతారు. కాటన్ మీద డైరెక్ట్ డైకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. పనిచేసేది కాటయానిక్ డై ఫిక్సర్. బట్ట జాడించాక, సబ్బు ఆనవాలు లేకుండా చూసుకుని, 40 - 50 డిగ్రీల నీళ్లలో పెట్టె మీద చెప్పినంత ఫిక్సర్ కలిపి ఇరవై నిమిషాలు తిప్పండి. ధనావేశమున్న ఈ మందు రంగును పట్టుకుని కరగని ముద్దగా మారుస్తుంది. అందుకే దీన్ని రంగు గిన్నెలో కలపకూడదు, కలిపితే ఆ ముద్దకట్టడం నీళ్లలోనే జరిగిపోతుంది. ఛాయ కొద్దిగా మారవచ్చు, కొన్ని రంగులు ఎండకు మునుపటికంటే త్వరగా వెలుస్తాయి. ఉతికే బట్టకైతే ఆ బేరం లాభమే. పాత పుస్తకాల్లో మైలుతుత్తం, ఫార్మాల్డిహైడ్ పెట్టమని ఉంటుంది. ఇంట్లో వాటి జోలికి వెళ్లకండి.

నీడలో, మడత లేకుండా ఆరేయండి. తీగ మీద వేలాడదీస్తే తడి కిందికి దిగుతూ రంగును అంచుకు లాక్కెళ్తుంది, కాబట్టి ముందు తువ్వాలులో చుట్టి అదిమి నీళ్లు తీసేయండి.

కాటన్ కానివాటికి మార్పులు

విస్కోస్ రేయాన్ ఆబగా రంగు తాగుతుంది. పొడి పావువంతు తగ్గించండి, ఉప్పు సగానికి తగ్గించి ఇంకా ఆలస్యంగా వేయండి. తడిసినప్పుడు అది బలహీనం, మెలిపెట్టి పిండితే చిరుగుతుంది. లినెన్ ఇందుకు వ్యతిరేకం, పోగు బిగువు. మరుగు దగ్గర ఇంకో ఇరవై నిమిషాలు అదనంగా ఇవ్వండి. జనపనార గోధుమ రంగు కనుక మీ నీలం కాస్త మట్టి కలిసినట్టు, పచ్చవైపు మళ్లి వస్తుంది. గోనెసంచులకు అదే బాగుంటుందని నా అభిప్రాయం.

పట్టుకు సోడా లేకుండా, 80 - 85 డిగ్రీలు దాటకుండా, ఉప్పు కొద్దిగా వేసి చేయండి. చివర్లో ఒక చెంచా వెనిగర్ నీళ్లలో కలిపి పోస్తే మిగిలిన రంగును లాక్కుంటుంది. కాటన్ మీద పనికిరాని వెనిగర్ ఇక్కడ పనికొస్తుంది, ఎందుకంటే పట్టు, ఉన్ని ప్రొటీన్ పోగులు, పులుపులో వాటికి ధనావేశం వస్తుంది. ఉన్నికీ ఇదే పద్ధతి, కానీ తిప్పడం తగ్గించండి. వేడిలో రుద్దితే, లేదా వేడి నుంచి ఒక్కసారిగా చల్లనీళ్లలో వేస్తే ఉన్ని ముడుచుకుని అట్టలా తయారవుతుంది. సాగే ఎలాస్టిక్ పోగు కలిసిన బట్టను మరుగు దగ్గర గంటసేపు ఉంచితే సాగుడు దెబ్బతింటుంది, దానికి ఈ రంగు ఎంచుకోకపోవడమే మేలు.

మైనం పూసి రంగు వేసే బాతిక్‌కు ఇది కుదరదు, వేడికి ఆ మైనం కరిగిపోతుంది. ముడులు కట్టి వేసే అద్దకం చేయొచ్చు గానీ, ముడి విప్పి జాడించేటప్పుడు తెల్లభాగాల మీదికి నీలం పాకుతుంది. తెలుపు తెల్లగా మిగలాలంటే రియాక్టివ్ డై వాడండి.

తేడా వస్తే

చారలు, మచ్చలు వచ్చాయా? టెన్షన్ పడకండి. ఫిక్సర్ పెట్టకముందైతే ఈ రంగు గట్టిగా అతుక్కోకపోవడమే ఇప్పుడు మీకు అక్కరకొస్తుంది. ఉప్పు లేని కొత్త నీళ్లలో, కొద్దిగా సోడా వేసి, బట్టను అరగంట నుంచి ముప్పావు గంట మరుగు దగ్గర ఉంచి తిప్పండి. ముదురు భాగాల నుంచి రంగు వదిలి లేత భాగాలకు చేరుతుంది. కొంత నీళ్లలోకి పోతుంది, దాన్ని వెనక్కి తేవడానికి చివర్లో పద్ధతిగా ఉప్పు వేయండి. నా చొక్కా చెయ్యి అలాగే సరిపోయింది. వీపు మీద చుక్కలు మాత్రం పోలేదు, కరగని పొడి దిగినచోట రంగు మరీ చిక్కగా ఉంటుంది.

లేతగా వచ్చిందా? బట్టను బయటికి తీసి, ఇంకొంచెం పొడి కరిగించి వడకట్టి పోసి, మళ్లీ దించండి. మరీ ముదిరిందా? డిటర్జెంటు వేసిన వేడినీళ్లలో కాసేపు ఉంచితే ఒకటి రెండు మెట్లు దిగుతుంది.

వేసిన బట్టను మొదటి నాలుగైదుసార్లు విడిగా, చల్లనీళ్లలో ఉతకండి. తడిగా ఉన్నప్పుడు లేతరంగు బట్టల మీద వేసి వదిలేయకండి. ఇంత జాగ్రత్త పడినా ఉతుకులకు నెమ్మదిగా వెలుస్తుంది, కాబట్టి వారానికి నాలుగుసార్లు ఉతికే బట్టకు నేను ఈ రంగు వేయను. దిండు కవర్లు, టేబుల్ గుడ్డలు, అరుదుగా కట్టుకునే వాటికి వేస్తాను.

గిన్నెలో మిగిలిన నీళ్లలో ఇంకా నీలం కనిపిస్తుంటే, తడిపిన మరో చిన్న గుడ్డ వేసి ఉడికించండి, లేత నీలం ఊరికే వస్తుంది. అయితే అందులో ఉప్పు ముందే ఉంది, కాబట్టి ఆ నీళ్లు చల్లారాకే గుడ్డ వేసి, వేడి చాలా మెల్లగా పెంచాలి. చివరికి మిగిలింది ఎక్కువ నీళ్లతో కలిపి మురుగు కాలవలోకి వదలండి. మొక్కలకు పోయకండి, చెరువులోకి వదలకండి.

మీ పొడి, మీ నీళ్లు, మీ బట్ట కలిస్తే ఏ నీలం వస్తుందో పెట్టె మీద బొమ్మ చెప్పలేదు. అందుకే ఒక నోటుపుస్తకంలో పొడి నంబరు, బట్ట బరువు, పొడి గ్రాములు, ఉప్పు గ్రాములు, ఎంతసేపు అని రాసి, పక్కనే ఆరిన గుడ్డముక్క ఒకటి పిన్నుతో గుచ్చిపెట్టండి. మళ్లీ అదే నీలం కావాలన్నప్పుడు పొడి పెట్టె కన్నా ముందు ఆ పేజీ తీయండి.